పొరంబోకు అంటే దిక్కులేనిది కాదు

మా పక్క పల్లెల్లో ఎవరినైనా తిట్టాలంటే "పొరంబోకోడు" అంటారు. దిక్కూ దివాణం లేనివాడు అని అర్థం. భూమి లెక్కల్లో మాత్రం ఈ మాటకు అర్థం వేరే. పన్ను లేకుండా, ఎవరి పేరునా పట్టా లేకుండా, ఊరందరి అవసరానికి విడిచిపెట్టిన జాగా పొరంబోకు. చెరువు, బండి బాట, మంద బయలు, శ్మశానం, కొండ, కొండ మీది పాత కోట గోడ అన్నీ ఇందులోకి వచ్చేవే. లెక్కలో అందరిదీ అని రాసి ఉన్న జాగాను మనం తిట్టులో ఉన్నట్టు ఎవరిదీ కానిదిగా చూస్తా ఉన్నాము. అందుకే ఆ జాగాలు ఈరోజు గుంతలు గుంతలుగా మారినాయి.

ఈ వ్యాసంలో నా జగడం ఇద్దరితో. ఒకడు మెటల్ డిటెక్టరు చేతబట్టుకొని ఎవరినీ అడగకుండా రాత్రిపూట కొండెక్కేవాడు. ఇంకొకరు పగటిపూట కుర్చీలో కూర్చొని, అడగడానికి వచ్చినవాళ్లకు అవుననీ కాదనీ చెప్పకుండా తిప్పి పంపేవారు. మొదటివాడు దొంగ అని అందరూ ఒప్పుకుంటారు. రెండోవారి మౌనమే మొదటివాడికి సగం బలం అంటే మాత్రం పెద్దలకు కోపం వస్తుంది. వచ్చినా సరే, చెప్పాల్సింది చెప్తాను.

మన హొసూరు, కృష్ణగిరి పక్క ఏముందిలే అనుకోవద్దండి. రాయకోట కొండ మీద కోట ఉంది. కృష్ణగిరి కొండ మీద కోట ఉంది. మల్లచంద్రం దగ్గర గుట్ట మీద పెద్ద పెద్ద బండపలకలతో కట్టిన పాతకాలపు సమాధులు ఉన్నాయి. అట్లాంటివాటిని మనవాళ్లు పాండవుల ఇండ్లు అనీ, రాకాసి గుళ్లు అనీ అంటారు. పులితో పోరాడి చచ్చినవాడికీ, ఆవుల మందను కాపాడబోయి చచ్చినవాడికీ నిలిపిన వీరగల్లులు చేల గట్ల మీద, చెరువు కట్టల కింద ఎన్నో ఉన్నాయి. ఈ జిల్లా రాళ్ల మీద తమిళం, కన్నడం, తెలుగు మూడూ కనిపిస్తాయి. మనం ఇక్కడికి నిన్నా మొన్నా వచ్చినవాళ్లం కాదు అని చెప్పడానికి మనకున్న సాక్ష్యం ఆ రాళ్లే, వాటి కింది మన్నే.

ఆ రాళ్ల కింద బంగారం ఉంటుందని ఎవడో మొదట చెప్పినాడు. అప్పటినుంచి వాటికి నెమ్మది లేదు. మా ఊరి కొండ పక్కన ఒక వీరగల్లును పెకలించి బోర్లా పడేసి, కింద నిలువెత్తు గుంత తీసినారు. గుంత పక్కన నిమ్మకాయలు, కుంకుమ, ఖాళీ బ్యాటరీలు. దొరికింది ఏమీ ఉండదు. చచ్చిన వీరుడి పేరు ఊరిలో పలికేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఆయనకు మిగిలిన ఒక్క గుర్తు ఆ రాయి, అది కూడా నడిమికి విరిగింది.

ఆ మిషను మీద మనవాళ్లకు ఉండే నమ్మకం చూస్తే నవ్వొస్తుంది. అది చేసే పని చాలా చిన్నది. చుట్టగా చుట్టిన తీగలో కరెంటు మారుతూ ఉంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. కింద లోహం ఉంటే అందులో కూడా చిన్న కరెంటు పుట్టి తిరిగి జవాబిస్తుంది. మిషను కుయ్‌మంటుంది. అంతే. సీసా మూత, ఎద్దు నాడా, కంచె తీగ ముక్క, పాత నాణెం అన్నిటికీ అది మోగుతుంది. అంగట్లో దొరికే మామూలు మిషనుకు నాణెం అంత వస్తువు ఒక అడుగు లోతు దాటితే తెలియడమే కష్టం. ఇరవై అడుగుల లోతులో బంగారు బిందె ఉందని చూపిస్తుంది అని చెప్పి లక్షలకు అమ్మేవాడు, మంత్రం వేసి చూపిస్తాను అనేవాడు ఇద్దరూ ఒకే బడిలో చదివినవాళ్లు.

"పొరంబోకే కదా, ఎవడబ్బ సొమ్ము? నేను తీసుకుంటే తప్పేంది?" అని అడిగేవాళ్లు ఉన్నారు. వాళ్లకు నా జవాబు ఇది. ఊరి చెరువు అందరిదీ. అందుకని ఒకడు మోటారు పెట్టి చెరువంతా తన చేనికి తోడుకుంటే ఊరుకుంటామా? అందరిదీ కాబట్టే ఒక్కడు తీసుకోకూడదు. పట్టా భూమిలో ఉంటే కనీసం ఆ రైతును అడగాలి. పొరంబోకులో ఉంటే ఊరందరినీ అడగాలి. ఇప్పుడున్న మనుషులను అడిగితే కూడా చాలదు, ఇంకా పుట్టని పిల్లలకు కూడా అందులో పాలు ఉంది. వాళ్లందరి తరఫున అవునని గానీ కాదని గానీ చెప్పడానికే అనుమతి అనేది పెట్టినారు.

చట్టం కూడా ఇదే చెప్తుంది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత స్థలంలో అనుమతి లేకుండా తవ్వకూడదు. కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని 2010లో సవరించినారు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం, బొమ్మ, శాసనం అన్నీ పురావస్తువులే. వాటిని సొంతంగా దేశం దాటించి అమ్మకూడదు.

చట్టం పక్కనుంచండి. అడగకుండా తీసిన వస్తువు వల్ల తెలిసేది ఏమీ ఉండదు అనేదే నాకు అన్నిటికన్నా పెద్ద కారణం. దీనికి మన జిల్లాలోనే రుజువు ఉంది. మయిలాడుంపారైలో తమిళనాడు పురావస్తు శాఖవాళ్లు తవ్వినారు. అక్కడ ఇనుము దొరికిన పొరలోని నమూనాను పరీక్షిస్తే క్రీస్తు పూర్వం 2172 అని తేలింది. 2022లో ఈ సంగతి ప్రకటించినారు. అంటే మన మెట్టభూముల్లో నాలుగు వేల ఏండ్లకు ముందే ఇనుము వాడినారు. దేశంలో ఇనుము చరిత్రనే ఇది వెనక్కి జరిపింది.

ఇప్పుడు ఆలోచించండి. ఆ ఇనుప ముక్క మీద తేదీ రాసి లేదు. ఏ పొరలో ఉంది, ఆ పొరలో పక్కన ఏముంది, పైన ఏముంది, కింద ఏముంది అని చూసి తేదీ కట్టినారు. అదే ముక్క మన కొండెక్కే ఆసామికి దొరికి ఉంటే ఏమయ్యేది? మిషను మోగేది. గునపంతో పొరలన్నీ కలిపి తవ్వేవాడు. తుప్పు పట్టిన ఇనుము చూసి "థూ" అని విసిరేసి పోయేవాడు. బంగారం కోసం వెతికేవాడు పారేసే తుప్పులోనే మనకు కావలసిన చరిత్ర ఉంది.

ఇంకో ఉదాహరణ. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా నగర అనే ఊరి కోట దగ్గర, పాడుబడ్డ బావిలో 2018లో వెయ్యికి దగ్గరగా మైసూరు రాకెట్లు దొరికినాయి. హైదరాలీ, టిప్పు కాలం నాటివి, ఇనుప గొట్టాల్లో మందు కూరినవి. అక్కడి పురావస్తు శాఖవాళ్లు దగ్గరుండి తీసినారు కాబట్టి లోకానికి తెలిసింది. పాత ఇనుము అంగడివాడికి దొరికి ఉంటే కిలో లెక్కన తూకం వేసేవాడు. మన రాయకోట కూడా అదే మైసూరు యుద్ధాల్లో, 1791లో, ఇంగ్లీషు సైన్యం చేతికి పోయింది. అదే సంవత్సరం కృష్ణగిరి కొండ మీదికి ఎక్కబోయి వాళ్లు ఓడి దిగినారు. ఆ కొండ చరియల్లో ఏ గుండు ఎక్కడ పడి ఉందో అక్కడే ఉంటే, యుద్ధం ఏ పక్క నుంచి నడిచిందో చెప్పగలదు. జేబులోకి పోయిన గుండు ఏమీ చెప్పదు.

ఇక కుర్చీల సంగతికి వస్తాను.

"డిపార్టుమెంటువాళ్లు ఏం కాపాడినారు? మేము తీయకపోతే దొంగలు తీస్తారు, లేకపోతే జేసీబీ తీస్తుంది" అని మిషను పట్టినవాళ్లు వాదిస్తారు. ఈ మాటను కొట్టిపారేయలేము. దేశం మొత్తం మీద కేంద్ర పురావస్తు శాఖ జాబితాలో ఉండే కట్టడాలు 3,600కు పైగా ఉన్నాయి. వాటిలో 92 కనబడడం లేదని 2013లో కాగ్ రిపోర్టు చెప్పింది. జాబితాలో ఉన్నవాటి గతే ఇది. మన చెరువు కట్ట మీది వీరగల్లు ఏ జాబితాలోనూ లేదు.

అందుకే పోయినేడాది మా చరిత్ర క్లబ్బు పిల్లలం పదకొండు మందిమి ఒక అర్జీ రాసినాము. మేము అడిగింది కొంచెమే. మా ఊరి కొండ పొరంబోకులో ఉన్న వీరగల్లులకు ఫోటోలు తీసి లెక్క రాస్తాము. పురావస్తు శాఖవాళ్లు ఒకరు పక్కనుంటే, వాళ్లు ఒప్పుకుంటే, మెటల్ డిటెక్టరుతో పైపైన చూస్తాము. మోగిన చోట తవ్వము, చిన్న జెండా నాటి కొలత రాస్తాము. రాసిన పుస్తకం మీకే ఇస్తాము. ఇంతే.

మొదటి ఆఫీసులో "పాత వస్తువులంటే మాది కాదు, పురావస్తు శాఖను అడగండి" అన్నారు. రెండో చోట "అది రక్షిత స్థలం కాదు కదా, మా కిందికి రాదు" అన్నారు. మూడో చోట "భూమి పొరంబోకు, రెవిన్యూవాళ్లు రాసివ్వాలి" అన్నారు. అంటే మళ్లీ మొదటి ఆఫీసే. నాలుగోసారి ఒక పెద్దాయన మాత్రం మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, "ఏమ్మా, మీకెందుకివంతా? పరీక్షలకు చదువుకోండి" అని పంపించినారు. అవునని కాగితం రాలేదు, కాదని కూడా కాగితం రాలేదు. కాదంటే కనీసం కారణం తెలిసేది.

కానీ బంగారం పేరు చెప్పినప్పుడు అనుమతులు ఎట్లా పరుగెత్తుకొని వస్తాయో చూడండి. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా డౌండియా ఖేడాలో వెయ్యి టన్నుల బంగారం ఉందని ఒక సాధువుకు కల వచ్చింది. కేంద్ర పురావస్తు శాఖే పలుగూ పారా పట్టింది. కుండ పెంకులు, గాజు ముక్కలు, ఇనుప మేకులు దొరికినాయి. బంగారం దొరకలేదు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో ప్రభుత్వ అనుమతితోనే నిధుల కోసం తవ్వకం మొదలుపెట్టినారు. ఊరివాళ్లు గొడవ చేసినారు. నిధి దొరకలేదు. కలకు అనుమతి ఉంది, కథకు అనుమతి ఉంది. కొలత టేపు, నోటుపుస్తకం పట్టుకొని వచ్చిన బడిపిల్లలకు మాత్రం జవాబు లేదు. ఇది న్యాయమా అని నేను అడుగుతున్నాను.

మరి అనుమతి ఎట్లా ఇవ్వాలి? లోకంలో చేసి చూపించినవాళ్లు ఉన్నారు. అమెరికాలో మోంటానా రాష్ట్రంలో లిటిల్ బిగ్‌హార్న్ అనే యుద్ధభూమి ఉంది. 1876లో అక్కడి ఆదివాసీలు కస్టర్ అనే సైనికాధికారి దండును ఓడించిన చోటు. అది ప్రభుత్వ భూమి. అక్కడ సొంతానికి మిషను పెట్టి వెతకడం నేరం. 1983లో గడ్డి కాలిపోయి నేల బయటపడింది. మరుసటి ఏడు పురావస్తు నిపుణులు డిటెక్టరు వాడడం వచ్చిన మామూలు మనుషులను స్వచ్ఛందంగా పిలిపించి వరసగా నడిపించినారు. మోగిన ప్రతిచోటా జెండా నాటినారు. ఆ తర్వాత నిపుణులు వచ్చి తీసి, ఏ గుండు ఎటు తిరిగి ఉందో కూడా రాసుకున్నారు. తూటా గుల్ల మీద తుపాకి సూది వేసిన గుర్తును బట్టి, ఒకే తుపాకి కొండ మీద ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో పట్టుకున్నారు. ఆదివాసీల చేతిలో వరసగా కాల్చే తుపాకులు చాలా ఉన్నాయని బయటపడింది. నూరేండ్లుగా గెలుపోటముల మీద చెప్పుకున్న కథలు మారినాయి. ఇది చేసింది కూడా అదే మిషనే. కానీ పట్టినవాడు ఒంటరి కాదు, దొరికింది వాడిది కాదు.

ఇంగ్లండులో ఇంకొక పద్ధతి. భూమి సొంతదారు ఒప్పుకోవాలి. రక్షిత స్థలమైతే రాతపూర్వక అనుమతి లేనిదే మిషను పెట్టడమే నేరం. నిధి దొరికితే చెప్పి తీరాలి. చెప్పినవాడికి విలువ కట్టి ఇస్తారు. 2009లో స్టాఫర్డ్‌షైర్‌లో ఒక రైతు దుక్కిలో, ఆ రైతు అనుమతితో వెతికిన మనిషికి వేలకొద్దీ బంగారు, వెండి ముక్కలు దొరికినాయి. చెప్పినాడు. 32 లక్షల 85 వేల పౌండ్లు ఆయనా రైతూ పంచుకున్నారు, వస్తువులు మ్యూజియాలకు పోయినాయి. 2015లో హెర్‌ఫర్డ్‌షైర్‌లో ఇద్దరికి వైకింగుల కాలం నాటి నిధి దొరికింది. చెప్పకుండా దాచి అమ్మినారు. 300 దాకా నాణేలు ఉండాలని అంచనా, చేతికి వచ్చినవి 30 చిల్లర. 2019లో వాళ్లు జైలుకు పోయినారు, పోయిన నాణేలు మాత్రం పోయినట్టే.

మనకు ఇట్లాంటి చట్టం లేదని కాదు. 1878లోనే నిధుల చట్టం వచ్చింది. అప్పటికి ఈ మిషనే లేదు. గ్రాహంబెల్ అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో తుపాకి గుండు వెతకడానికి ఇట్లాంటిది తయారు చేసింది 1881లో. 1878లో రాసిన ప్రకారం పది రూపాయలు మించిన విలువైనది భూమిలో దొరికితే కలెక్టరుకు రాసి చెప్పాలి. చెప్పకపోతే ఏడాది దాకా జైలు. ఇది అందరికీ తెలుసు. అదే చట్టంలో, సొంతదారు ఎవరూ లేరని తేలితే దొరికించుకున్నవాడికి పాలు ఉంటుందని, ప్రభుత్వమే తీసుకుంటే లోహం విలువ మీద అయిదో వంతు కలిపి ఇవ్వాలని కూడా రాసి ఉంది. ఇది ఎవరికి తెలుసు? చేను దున్నే మనిషికి కుండ దొరికితే, ఆయనకు తెలిసింది పోలీసు ఒక్కటే. భయపడి రాత్రికి రాత్రి కరిగిస్తాడు. శిక్షను మాత్రమే చాటింపు వేసి హక్కును దాచిపెడితే నిజాయితీ ఎక్కడ నుంచి వస్తుంది?

కాబట్టి నేను అడిగేది ఇది. ఒక్క మనిషికి, సొంతానికి, చారిత్రక ప్రభుత్వ భూమిలో డిటెక్టరు పట్టే అనుమతి ఎప్పుడూ ఇవ్వకూడదు. ఇందులో నాకు దయ లేదు. ఒక జట్టుకు, పురావస్తు శాఖ మనిషి పక్కనుండగా, తవ్వకుండా గుర్తులు రాయడానికి మాత్రం అనుమతి దొరికే దారి ఉండాలి. అడిగిన అర్జీకి నెల రోజుల్లో అవునని గానీ కాదని గానీ కాగితం మీద జవాబు రావాలి. ప్రతి తాలూకాలో ఈ పనికి ఒక్క మేజా, ఒక్క మనిషి చాలు. దొరికినదాన్ని ఎవరికి చెప్పాలి, చెప్తే ఏమొస్తుంది అనే కాగితం తమిళం, కన్నడం, తెలుగు మూడింట్లో వి.ఏ.ఓ. ఆఫీసు గోడకు అంటించాలి. కొండ కింది బోర్డు మనకు చదవడానికి రాకపోతే అది ఎవరిని ఆపుతుంది? దొరికించి ఇచ్చినవాళ్ల పేరు, ఊరు మ్యూజియంలో వస్తువు పక్కన రాయాలి. మా అవ్వలాంటి మనిషికి డబ్బు కన్నా అదే ఎక్కువ.

"జెండాలు నాటితే దొంగలకు దారి చూపినట్టు కాదా?" అని మా మాస్టారే అడిగినారు. న్యాయమైన ప్రశ్న. జెండాలు పొద్దుగూకేలోపు పీకేస్తాము, కొలతల పుస్తకం శాఖ దగ్గర ఉంటుంది. ఒక సంగతి మాత్రం మరవద్దండి. దొంగకు దారి ఇప్పటికే తెలుసు. తెలియనిది మనకే. ఏది ఎక్కడుందో లెక్క లేని ఊరిలో ఏది పోయిందో కూడా తెలియదు.

తోటి పిల్లలకు ఒక మాట. ఆన్‌లైనులో మిషను చవకగా వస్తుందని కొని కొండెక్కవద్దండి. నడిచేటప్పుడు ఏదైనా కనిపిస్తే ముట్టుకోకుండా ఫోటో తీయండి, పక్కన ఒక స్కేలు పెట్టండి, చోటు రాసుకోండి, మాస్టారికి చెప్పండి. కలెక్టరు గారు సోమవారం సోమవారం అర్జీలు తీసుకుంటారు. అడగడానికి సిగ్గు పడవద్దు, జవాబు రాలేదని ఊరుకోవద్దు.

మా రెండో అర్జీ రాయడం అయింది. ఈసారి మూడు భాషల్లో రాసినాము. సంతకం పెట్టేవాళ్లు మధ్యాహ్నం బువ్వ బెల్లు కొట్టినాక లైబ్రరీకి రండి.